దూది ఊరిలో ప్రాసెసర్ వేడి

పగలు పని, రాత్రి ఆట, రెండూ ఒకే కంప్యూటర్ మీద సాగించే కుర్రాళ్లు తమిళనాడులోని రాజపాళయం, చోళపురం వైపు తక్కువేం లేరు. ఒకరు మిల్లు ఆఫీసుకు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తారు. ఇంకొకరు శివకాశి ప్రెస్సులకు క్యాలెండర్లు, పెళ్లి కార్డులు డిజైన్ చేసి పంపుతారు. మరొకరు ఇంట్లో కూర్చునే చెన్నై కంపెనీకి కోడ్ రాస్తారు. ఇలాంటి ఇంట్లో ఆట మధ్యలో కంప్యూటర్ ఠక్కున ఆరిపోతే పెద్దవాళ్లు అనే మాట ఒకటే: "ఆటలు మానెయ్‌రా, అదే బాగవుతుంది." మానేస్తే ఆరిపోవడం ఆగుతుంది, నిజమే. కానీ లోపల ఉన్న లోపం అలాగే ఉంటుంది. ప్రాసెసర్‌ను గంటలతరబడి గట్టిగా పనిచేయించే సందర్భం ఇంట్లో ముందుగా ఆటతోనే వస్తుంది గనక లోపం అక్కడ బయటపడింది, అంతే. ఇవాళ వాలొరెంట్‌లో ఆగిన యంత్రం రేపు పెళ్లి వీడియో రెండర్ అవుతుండగా ఆగుతుంది. అప్పుడు గిరాకీకి ఏం చెబుతారు?

అందుకే దీన్ని పనిముట్టు మరమ్మతుగా చూడమంటాను. ఇందులో నేను గట్టిగా పట్టుకునే మాట ఒక్కటే. కొలవకుండా ఏదీ కొనొద్దు. ఆట వేడెక్కితే చాలు కొత్త కూలర్, ఇంకా ఉత్సాహం ఉంటే లిక్విడ్ కూలర్, అదీ కాకుంటే రంగురంగుల లైట్ల ఫ్యాన్లు కొనేస్తున్నారు. వేడికి కారణం వేరేచోట ఉంటే ఆ డబ్బంతా దండగ.

మనవైపు కారణం చాలాసార్లు దూదిలోనే ఉంటుంది. తెలుగు మాట్లాడే రాజుల ఊరుగా పేరున్న రాజపాళయంలో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నూలు మిల్లులు ఎన్నో, సత్రపట్టి వైపు ఆసుపత్రుల బ్యాండేజీ గుడ్డ నేసే మరమగ్గాలు ఎన్నో. (ఆయన రామ్‌కో కుటుంబం నుంచి రామ్‌కో సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా పుట్టింది కాబట్టి ఈ ఊరికి దూదితోనూ, కంప్యూటర్‌తోనూ చుట్టరికం ఉంది.) మగ్గాల వీధిలోనో, దూది గోడౌను పక్కనో ఇల్లుంటే గాలిలో కంటికి కనపడని నూగు తిరుగుతూనే ఉంటుంది. మిల్లు నుంచి వచ్చినవాళ్ల చొక్కాల మీద కూడా కొంత ఇంటికి చేరుతుంది.

మామూలు మట్టి దుమ్ము ఊదితే లేచిపోతుంది. నూగు అలా పోదు. పీచుకు పీచు పెనవేసుకుని హీట్‌సింక్ రేకుల నోట్లో మందంగా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది, బాగానే తిరుగుతుంది. ఫ్యాన్ విప్పి దాని కింద చూస్తేనే రేకుల మధ్య సందులన్నీ మూసుకుపోయి ఉన్నది తెలుస్తుంది. ఫ్యాన్ ఎంత వేగంగా తిరిగినా గాలి పోయే దారి లేదు. వంటింటి నూనె ఆవిరి కంప్యూటర్ దాకా వచ్చే చిన్న ఇళ్లలో ఆ నూగు జిడ్డుపట్టి ఇంకా మొండికేస్తుంది.

శుభ్రం చేసేముందు అంకెలు చదవడం నేర్చుకోవాలి. ఎంత వేడి అయితే భయపడాలన్నది ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది. ఈమధ్య వచ్చిన ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్‌కు 90, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలోని మొదటి ప్రాసెసర్లకు హద్దు 95. అవి పూర్తి బరువు మీద పడినప్పుడు ఆ 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా తయారుచేశామని ఏఎండీయే చెప్పింది. కాబట్టి ఎవరో 70 దాటకూడదన్నారని, మీది 82 చూపిస్తోందని నిద్ర మానుకోనక్కర్లేదు. ఆటలో 80 చుట్టూ తిరుగుతూ వేగం తగ్గకుండా ఉంటే నేనైతే మూత కూడా తీయను.

హద్దు తాకితే ప్రాసెసర్ వెంటనే కాలిపోతుందన్న భయం పాతకాలపుది. ఆ భయానికి ఆధారం ఒకప్పుడు ఉండేది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్లలో కూలర్లు ఊడదీసి చూపిస్తే, పెంటియమ్ 4 వేగం తగ్గించుకుని బతికింది, ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కింది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి ఆగకపోతే యంత్రాన్ని ఆపేస్తాయి. మనకు నష్టం ఆ వేగం తగ్గడంలోనే ఉంది. ఆట మొదట్లో హాయిగా సాగి, పదిహేను నిమిషాలయ్యాక తడబడటం మొదలైతే అది నెట్ తప్పు కాకపోవచ్చు. నలభై నిమిషాల్లో కావలసిన రెండర్ గంట దాటుతుంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు వేడి చూడండి.

కొలవడానికి ఇంట్లో వాడుకకు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, కోర్ టెంప్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. మీరు రోజూ ఆడే ఆటనే ఇరవై నిమిషాలు ఆడండి. గది వేడి ఎంత, ఆటకు ముందు ప్రాసెసర్ వేడి ఎంత, ఆటలో ఎక్కిన గరిష్ఠం ఎంత, ఆ సమయంలో ప్రాసెసర్ ఎన్ని వాట్లు తీసుకుంది, ఇవి కాగితం మీద రాయండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) అన్న వరుస పక్కన అవును అని పడిందా లేదా అన్నది కూడా చూడండి. ఒక్క జాగ్రత్త: చాలా కొత్త ఆటలు మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసుకుంటాయి. 2023లో పీసీకి వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 అయితే ఆ పనిమీద చాలాసేపు కూర్చోబెట్టేది. ఆ సమయంలో ప్రాసెసర్ కోర్లన్నీ నూటికి నూరు పనిచేస్తాయి, వేడి ఎగబాకుతుంది. ఆ అంకె చూసి తీర్పు ఇవ్వకండి. అది అయ్యాక ఆడేటప్పటి అంకె తీసుకోండి.

ఇప్పుడు ఆ కాగితాన్ని రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది, వేడి ఎలా ఎక్కింది? ఆట మొదలైన కొన్ని సెకన్లలోనే 50 నుంచి 90కి ఎగిరితే వేడి ప్రాసెసర్ నుంచి కూలర్‌లోకి సరిగా చేరడం లేదని ముందు అనుమానించాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, కూలర్ ఒక మూల లేచి ఉండొచ్చు, కొత్త కూలరైతే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి ఉండొచ్చు. ఆ చివరిది నవ్వులాటకు చెప్పడం లేదు, అసెంబుల్ చేసిన యంత్రాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అలా కాక పదిహేను, ఇరవై నిమిషాల మీద మెల్లగా, నిలకడగా ఎక్కుతూ పోతే కూలర్ తన పని తాను చేస్తోంది, దానికి అందే గాలే వేడిగాలి. అప్పుడు అనుమానం నూగు మీద, క్యాబినెట్ మీద, గది మీద.

రెండో ప్రశ్న వాట్లది, దీన్ని చాలామంది అడగరు. ఉదాహరణకు ఇంటెల్ ఐ5-12400 మామూలు రేటింగు 65 వాట్లు, టర్బోలో (వేగం కాసేపు పెంచుకున్నప్పుడు) గరిష్ఠం 117. ఆటల్లో అది 117కు చాలా కిందే ఉంటుంది. ఆ ప్రాసెసర్ 55 వాట్లే తీసుకుంటూ 95 డిగ్రీలు చూపిస్తే, వేడి తక్కువే పుడుతున్నా బయటికి పోవడం లేదని అర్థం. శుభ్రం, పేస్ట్, బిగింపు, ఈ మూడింటిలో ఒకచోట లోపం ఉంది. ఐ9-13900కె లాంటిది 200 దాటి వాట్లు మింగుతూ 95 చూపిస్తే కూలర్‌ను తిట్టి లాభం లేదు. దాని గరిష్ఠ టర్బో 253 వాట్లు, పైగా కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దు కూడా లేకుండా వదిలేసేవి. అక్కడ మార్చవలసింది మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర అయిన బయాస్‌లో సెట్టింగు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క మూత తీసి అదే ఆట అంతసేపే ఆడండి. ఐదారు డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గితే క్యాబినెట్‌కు ఊపిరి ఆడటం లేదు. ముందువైపు నిండా గాజు పలక పెట్టి అందం కోసం అమ్మే పెట్టెల్లో ఇది ఎక్కువ. అలాగని మూత తీసేసి ఉంచుకోకండి, మన ఊళ్లలో అది నూగును పిలిచి పీట వేయడమే.

యంత్రం ఆరిపోవడం గురించి ఒక హెచ్చరిక. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్ పవర్ 41 అని కనిపించగానే వేడి వల్లేనని తేల్చేస్తారు. ఆ నంబరు చెప్పేది కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో లాగ్ పెట్టి ఆడండి. ఆరిపోయే ముందు చివరి వరుసలో ప్రాసెసర్ 78 డిగ్రీల మీద ఉంటే చూడవలసింది ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై), గ్రాఫిక్స్ కార్డు, ఇంటి కరెంటు. చౌక ఎస్ఎంపీఎస్ బరువు మోయలేక చేతులెత్తేసిన నేరం ప్రాసెసర్ మీద పడుతుంటుంది.

శుభ్రం చేయడానికి కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. అరుగు మీదికో డాబా మీదికో తీసుకెళ్లండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నూగు ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో మిల్లు ఊరివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బోర్డు ముట్టుకునేముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి. కూలర్ మీది ఫ్యాన్‌ను విప్పి పక్కన పెట్టి, రేకుల మీద పేరుకున్న నూగును ట్వీజర్‌తో అంచు పట్టి లాగితే పొరపొరగా వస్తుంది. తర్వాతే బ్రష్, ఆ తర్వాతే బ్లోయర్. ముందే బ్లోయర్ పెడితే నూగు రేకుల లోపలికి ఇంకా దూరి కూర్చుంటుంది. బ్లోయర్ గాలికి ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగులు పాడవుతాయి. ఇంటి వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డు దగ్గరికి తేకండి, స్థిర విద్యుత్తు పుడుతుంది. ఎస్ఎంపీఎస్ బయటనుంచి ఊదండి గానీ విప్పకండి, ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు రేకులనూ చూడండి. దాని వేడిగాలి నేరుగా ప్రాసెసర్ కూలర్ వైపే వెళుతుంది.

దీన్ని ఎన్నాళ్లకోసారి చేయాలి? మగ్గాల వీధిలో ఉంటే రెండు నెలలకోసారి మూత తీసి చూడమంటాను, మిగతావాళ్లకు ఆరు నెలలు చాలు. స్పిన్నింగ్ మిల్లుల్లో రింగ్ ఫ్రేముల మీదుగా క్లీనర్లు అదేపనిగా అటూ ఇటూ తిరుగుతూ నూగు ఊడ్చేస్తుంటాయి, మోటార్లకు శుభ్రం చేసే తేదీలు రాసి ఉంటాయి. యంత్రం ఆగాక శుభ్రం చేద్దామని మిల్లులో ఎవరూ కూర్చోరు. ఇంట్లో కంప్యూటర్‌కూ గోడ క్యాలెండర్ మీద ఒక తేదీ రాసుకుంటే సరిపోతుంది. ముందువైపు గాలి లోపలికి తీసుకునే ఫ్యాన్లకు జాలీ ఫిల్టర్ పెట్టి, వెనకవైపు బయటికి నెట్టే ఫ్యాన్ల కన్నా వాటిని కాస్త బలంగా తిప్పితే నూగు సందుల్లోంచి దూరకుండా ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. ఫిల్టర్‌ను కడిగి, బాగా ఆరాకే పెట్టాలి.

శుభ్రం చేసినా ఆ సెకన్లలో ఎగిరే వేడి తగ్గకపోతే పేస్ట్ సంగతి చూడాలి. పేరున్న పేస్ట్ ట్యూబు వెయ్యి రూపాయల లోపే, ఒకటి కొంటే నాలుగైదుసార్లకు వస్తుంది. ఏఎమ్4 సాకెట్ ఉన్న రైజెన్ యంత్రాల్లో కూలర్‌ను నిటారుగా పైకి లాగకండి. ఎండిన పేస్ట్‌కు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చి దాని పిన్నులు వంగుతాయి. కాసేపు ఆట ఆడి, యంత్రం ఆపి, ఇంకా వెచ్చగా ఉండగానే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేసి తీయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, కానీ దూదితో మాత్రం తుడవకండి, పీచులు మిగిలిపోతాయి. దూది ఊళ్లో చేతికి ముందు అందేది అదే, అయినా మైక్రోఫైబర్ గుడ్డే వాడండి. కొత్త పేస్ట్ కందిగింజ కన్నా కాస్త పెద్దగా మధ్యలో పెడితే చాలు, బిగింపులో అదే పరుచుకుంటుంది. మరలను ఎదురెదురు మూలల వరసలో కొద్దికొద్దిగా బిగించండి. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు మరలు ఉండవు, నొక్కే ప్లాస్టిక్ పిన్నులుంటాయి. నాలుగూ టక్కుమనాలి. బోర్డు వెనకవైపు చూసి నాలుగు పిన్నులూ పూర్తిగా బయటికి వచ్చాయని కళ్లతో చూసుకున్నాకే వదలండి. వేడి ఫిర్యాదుల్లో ఆ నాలుగో పిన్ను వాటా పెద్దదని నా నమ్మకం.

పైసా ఖర్చులేని మార్పులు సెట్టింగుల్లో ఉన్నాయి, కుర్రాళ్లకు ఇవే ఎందుకో రుచించవు. మీ మానిటర్ 75 హెర్ట్జ్‌ది అనుకోండి. ఆట 220 ఫ్రేములు తయారుచేస్తుంటే మీ కంటికి చేరేది 75 మాత్రమే. ఫ్రేములకు హద్దు పెట్టండి, వాట్లు పడిపోతాయి, వాట్లతో పాటే వేడి. పోటీ ఆటల్లో ఎక్కువ ఫ్రేముల వల్ల మౌస్ స్పందన కాస్త చురుకవుతుందన్న వాదనలో నిజం ఉంది. అలాంటివాళ్లు 75కు కాక 140 దగ్గర హద్దు పెట్టుకున్నా లాభమే. రైజెన్ వాళ్లకు బయాస్‌లో వాట్ల హద్దు దించే ఎకో మోడ్ ఉంటుంది. ఇంటెల్ వాళ్లు బయాస్‌లో పవర్ హద్దులను కంపెనీ చెప్పిన అంకెలకు దించుకోవచ్చు. చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్ చాలా వాట్లు మింగుతుంది కాబట్టి హద్దు దించితే వేడి బాగా తగ్గి, ఆటలో ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి. బయాస్ జోలికి పోలేనివాళ్లు విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా యంత్రాల్లో టర్బో ఆగిపోతుంది. మొరటు ఉపాయమే, కానీ మే నెలలో అర్జంటు పని పూర్తిచేసుకోవడానికి అక్కరకొస్తుంది.

ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 కొన్నవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. వాటిలో కొన్ని ఆటల మధ్య, ముఖ్యంగా షేడర్లు తయారయ్యేటప్పుడు, వీడియో మెమరీ చాలలేదంటూ కూలిపోయేవి. కూలర్లు మార్చి అలిసిపోయినవాళ్లున్నారు. అసలు కారణం ప్రాసెసర్ అడిగే వోల్టేజీ మితిమీరడం. 2024లో ఇంటెల్ ఆ సంగతి ఒప్పుకుని, ఆగస్టు నుంచి బయాస్ ద్వారా మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. పెట్టెతో అమ్మిన ఆ ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పెంచింది కూడా. బయాస్ తాజాగా ఉందో లేదో చూసుకోండి. అప్పటికే చెడిన ప్రాసెసర్‌ను బయాస్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాలి.

గది మాట తేలిగ్గా తీసేయకండి. మామూలు కూలర్ ఏదైనా ప్రాసెసర్‌ను గది వేడికన్నా కిందికి దించలేదు. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 76 చూపించిన యంత్రం మే నెలలో 86 చూపిస్తే అందులో లోపమేమీ లేదు. డాబా మీది గదుల్లో పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కంప్యూటర్‌కు తెల్లవారుజాము చల్లటి వేళ, గట్టి రెండర్లు అప్పటికి పెట్టుకోవడం మేలు. కొడుకు తెల్లవారుజామున లేచి ఆడతానంటే ఇంట్లో ఏమంటారో ఆ సంగతి మీరే చూసుకోవాలి. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో క్యాబినెట్ పెట్టినవాళ్లు ఆ తలుపు తీసేయండి, వెనకవైపు గోడకు జానెడు ఎడం ఇవ్వండి. ఇవన్నీ అయ్యాక కూడా వాట్లు న్యాయంగానే ఉండి వేడి హద్దు తాకుతుంటే అప్పుడు కూలర్ కొనండి. మధ్యస్థాయి ప్రాసెసర్లకు రెండు మూడు వేల రూపాయల టవర్ కూలర్ చాలు, లిక్విడ్ అక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌ల లెక్క వేరు. సన్నటి పెట్టెలో ఆట నడిస్తే 90 దాటడం మామూలే. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుని ఆడకండి, వెనకవైపు రెండంగుళాలు ఎత్తు పెట్టండి. ఒకప్పుడు అండర్‌వోల్ట్ చేసి చల్లబరిచేవాళ్లు, కానీ 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఆ దారి మూసేశారు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే దాని మీద ఆట ఎక్కించొద్దు, మూతా విప్పొద్దు. పనిలోనే వేడెక్కుతుంటే ఐటీ విభాగానికి "వేడిగా ఉంది సార్" అని రాస్తే తిరుగు జవాబు రాదు. ఏ పని నడుస్తుండగా, ఎంతసేపటికి, ఎన్ని డిగ్రీలు, వేగం ఎంతకు పడిపోయింది, గది వేడి ఎంత, ఒక స్క్రీన్‌షాట్ జతచేసి రాయండి. అలాంటి ఫిర్యాదును పక్కన పెట్టడం వాళ్లకు కష్టం.

ఊళ్లో మరమ్మతు షాపు నడిపే తమ్ముళ్లకు కూడా ఒక మాట. సర్వీసుకు వచ్చిన యంత్రాన్ని విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి, అదే పరీక్ష అంతసేపే పెట్టి డిగ్రీలు, వాట్లు రెండూ చీటీ మీద రాసివ్వండి. రేకుల్లోంచి తీసిన నూగు ఫొటో వాట్సాప్‌లో పంపండి. "దుమ్ము దులిపినందుకు ఇంతా?" అని బేరమాడే గిరాకీ ఆ ఫొటో చూసి సగం మెత్తబడతాడు. చీటీ మీద ఆ రోజు గది వేడి రాయడం మరవకండి. జనవరిలో మీరు రాసిచ్చిన అంకెను మే నెలలో పట్టుకొచ్చి పది డిగ్రీలు పెరిగిందని గొడవకు దిగేవాళ్లు తప్పకుండా వస్తారు.